1,808 బైట్ల దొంగ: జెరూసలేం వైరస్ లోపల ఏం జరిగేది

1987 చివర్లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లు వాడేవాళ్లకి ఒక వింత కనిపించింది. ప్రోగ్రామ్ ఫైళ్లు లావెక్కుతున్నాయి. నిన్నటి సైజు ఇవాళ లేదు, ఇవాళ్టిది రేపు ఉండదు. మనం టైప్ చేసుకునే ఉత్తరమైతే రోజూ పెరిగిందంటే అర్థముంది. ప్రోగ్రామ్ ఫైల్ అలా కాదు. కంపెనీవాడు ఫ్లాపీలో ఎంత ఇచ్చాడో పదేళ్ల తర్వాత కూడా అంతే ఉండాలి. పెరుగుతోందంటే మనకి తెలియకుండా ఎవరో అందులో ఏదో రాస్తున్నారన్నమాట.

కొన్ని ప్రోగ్రాములైతే పెరిగి పెరిగి మెమరీలో పట్టక నడవడమే మానేశాయి. అలా తీగ లాగితే డొంక కదిలింది. దొరికినదానికి జెరూసలేం వైరస్ అని పేరొచ్చింది. పదమూడో తారీఖు శుక్రవారం పడిన రోజున విరుచుకుపడుతుంది కాబట్టి 'ఫ్రైడే ద థర్టీన్త్' అని కూడా అన్నారు. రాసిందెవరో ఈనాటికీ తేలలేదు.

వైరస్ ఎలా పనిచేస్తుందో ఎవరైనా అడిగితే నేను ఇప్పటివాటి జోలికి పోను, దీని గురించే చెబుతాను. కారణం దీని సైజు. మొత్తం 1,808 బైట్లు. తెలుగు అక్షరం ఒక్కోదానికీ కంప్యూటర్‌లో మూడేసి బైట్లు పడతాయి కాబట్టి, ఈ వ్యాసంలో మొదటి రెండు పేరాలు దాచుకోవడానికే అంతకంటే ఎక్కువ చోటు కావాలి. అంత చిన్నదాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక మనిషి ఒక్క బుర్రలో పెట్టుకోగలడు. పైగా అది ఫైళ్లలోకీ దూరేది, మెమరీలోనూ తిష్ఠ వేసేది. రెండు విద్యలూ ఒకేచోట చూడొచ్చు.

గోడలు లేని ఇల్లు

ముందు ఆనాటి యంత్రం సంగతి చెప్పుకోవాలి. ఐబీఎం పీసీ, దాని మీద డాస్, అంటే ఇవాళ విండోస్ చేసే పనిని ఆ రోజుల్లో చేసిన ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో లాగా ఒక ప్రోగ్రామ్ మెమరీని ఇంకో ప్రోగ్రామ్ ముట్టుకోకుండా అడ్డుగోడలు ఉండేవి కావు. పాస్‌వర్డ్ లేదు, అడ్మిన్ లేడు. ఏ ప్రోగ్రామ్ నడుస్తుంటే అదే ఇంటి యజమాని. మెమరీలో ఏ మూలనైనా చదవొచ్చు, ఏ మూలనైనా రాయొచ్చు. డాస్ తనకోసం రాసుకున్న సొంత లెక్కల్ని కూడా ఎవరైనా దిద్దొచ్చు.

ప్రోగ్రాములకి 640 కేబీ మెమరీ ఉండేది. అందులో మొట్టమొదటి 1,024 బైట్లు చాలా ముఖ్యమైనవి. అక్కడ 256 చిరునామాలు వరసగా ఉంటాయి, ఒక్కోటి నాలుగు బైట్లు. దీన్ని ఇంటరప్ట్ పట్టిక అంటారు. పల్లెలో పోస్ట్‌మాన్ దగ్గరుండే చిరునామాల పుస్తకం లాంటిది. ఏదైనా ప్రోగ్రామ్‌కి డాస్‌తో పనిపడితే, డాస్ మెమరీలో ఎక్కడుందో వెతుక్కోదు. '33వ నంబరుని పిలువు' అంటుంది. పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే హెక్స్ లెక్కలో రాస్తే అది 21, అందుకే ప్రోగ్రామర్లు దాన్ని ఇంటరప్ట్ 21 అనేవాళ్లు. ప్రాసెసర్ వెళ్లి పట్టికలో 33వ గడి చూస్తుంది. ఒక్కో గడికి నాలుగు బైట్లు, కాబట్టి 132వ స్థానంలో. అక్కడ ఏ చిరునామా రాసుంటే నేరుగా అక్కడికి దూకుతుంది. ఆ చిరునామాలో ఉన్నది నిజంగా డాసేనా అని మాత్రం అడగదు. ఫైల్ తెరవాలన్నా, చదవాలన్నా, తుడిచేయాలన్నా, ఇంకో ప్రోగ్రామ్‌ని నడపాలన్నా అందరూ తట్టే తలుపు ఈ 33వ నంబరే. ఏ పని కావాలో చెప్పడానికి దాంతో పాటు ఇంకో చిన్న నంబర్ ఇస్తారు. తారీఖు కావాలంటే 42, ప్రోగ్రామ్ నడపాలంటే 75, అలా.

డాస్‌లో ఇంకో సౌకర్యం కూడా ఉండేది. మామూలుగా ఒక ప్రోగ్రామ్ పని ముగించి వెళ్లిపోతే అది వాడుకున్న మెమరీని డాస్ వెనక్కి తీసుకుంటుంది. కానీ వెళ్లేటప్పుడు 'నేను ముగించాను, కానీ నా సామాను ఇక్కడే ఉండనీ' అని అడిగే వీలుంది. డాస్ ఉండనిచ్చేది. ఇది దొంగదారి కాదు, పుస్తకాల్లో రాసి పెట్టిన రాజమార్గమే. 1984లో బోర్లాండ్ కంపెనీ అమ్మిన సైడ్‌కిక్ అనే ప్రోగ్రామ్ ఇలాగే మెమరీలో ఉండిపోయేది. మీరు వేరే ఏ పనిలో ఉన్నా రెండు కీలు నొక్కగానే కాలిక్యులేటర్, నోట్‌ప్యాడ్ తెర మీదకి వచ్చేవి. జనం మురిసిపోయారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చిరునామాల పుస్తకాన్ని ఎవరైనా దిద్దొచ్చు, పని అయిపోయాక కూడా ఎవరైనా ఇంట్లో ఉండిపోవచ్చు. జెరూసలేం వైరస్ కనిపెట్టిన కొత్త విద్య అంటూ దాదాపు ఏమీ లేదు. సైడ్‌కిక్ ఏ మర్యాదలు పాటించి లోపలికొచ్చిందో ఇదీ అవే పాటించింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు.

మొదటిసారి లోపలికి

ఒక స్నేహితుడు ఆటల ఫ్లాపీ ఇచ్చాడనుకుందాం. అందులో ఆట ఫైల్‌కి వైరస్ అంటుకుని ఉంది. ఫ్లాపీ పెట్టి డైరెక్టరీ చూసుకున్నారు, ఏమీ కాలేదు. ఫైల్‌ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకున్నారు, అప్పుడూ ఏమీ కాలేదు. ఆట పేరు కొట్టి ఎంటర్ నొక్కారు. అప్పుడు మొదలవుతుంది కథ. ఈ తేడా ఆ రోజుల్లో చాలామందికి అర్థమయ్యేది కాదు. నేను చదువుకున్న చోట కంప్యూటర్ ల్యాబ్ బయట చెప్పులు విప్పించేవాళ్లు. అది దుమ్ము పడకుండా. మాలో సగం మంది మాత్రం వైరస్ చెప్పుల వెంట వస్తుందని గట్టిగా నమ్మాం.

ఆట ఫైల్ కామ్ రకందనుకుందాం. డాస్‌లో ప్రోగ్రాములు ముఖ్యంగా రెండు రకాలు: కామ్, ఈఎక్స్‌ఈ. కామ్ చాలా సాదాసీదా. డాస్ కొంత మెమరీ తీసుకుని, ముందు 256 బైట్లు తన లెక్కలకి వదిలి, ఆ తర్వాత ఫైల్‌ని ఉన్నదున్నట్టు పరిచేసి, మొదటి బైట్ నుంచి నడపడం మొదలుపెడుతుంది. కాబట్టి ఫైల్‌లో మొదట ఎవరుంటే వాళ్లదే రాజ్యం. జెరూసలేం కామ్ ఫైళ్లలో మొదటి వరసలో కూర్చుంటుంది. అసలు ఆట దాని వెనక ఉంటుంది.

నిద్రలేవగానే వైరస్ చేసే మొదటి పని ఒక ప్రశ్న అడగడం. 33వ నంబర్ తలుపు తట్టి '224' అంటుంది. ఆ రోజుల్లో మామూలు డాస్‌కి ఆ నంబర్ సేవ లేదు, కాబట్టి పనికొచ్చే జవాబేమీ రాదు. కానీ మెమరీలో ఇంతకుముందే ఇంకో జెరూసలేం కూర్చుని ఉంటే, ఆ తలుపు దగ్గర ఉన్నది అదే కదా, అది '3' అని జవాబిస్తుంది. పాత సినిమాల్లో ముఠావాళ్లు చెప్పుకునే గుర్తుమాట లాంటిది. 3 వచ్చిందంటే మనవాడు లోపల ఉన్నాడు, మళ్లీ కాపురం పెట్టక్కర్లేదు.

ఇప్పుడు 3 రాలేదు. అందుకని వైరస్ పనిలోకి దిగుతుంది. 33వ గడిలో ఉన్న డాస్ చిరునామాని తన దగ్గర రాసి పెట్టుకుని, ఆ చోట తన చిరునామా రాస్తుంది. దిద్దింది నాలుగంటే నాలుగే బైట్లు. ఇక ఆ క్షణం నుంచి యంత్రంలో ఎవరు డాస్‌ని పిలిచినా ముందు వైరస్ చేతికి వస్తుంది. పోస్ట్‌మాన్ పుస్తకంలో మన ఇంటి చిరునామా చెరిపేసి ఎవరో తన ఇల్లు రాసుకున్నాడు, ఉత్తరాలన్నీ ముందు అతని ఇంటికి పోతున్నాయి. కావలసినది చూసుకుని, మళ్లీ అంటించి, మనకి పంపిస్తున్నాడు. మనకి ఉత్తరం అందుతూనే ఉంది కాబట్టి అనుమానం రాదు.

తర్వాత పెద్ద చిక్కు. ఆట నడవాలి. నడవకపోతే వాడేవాడికి డౌట్ వస్తుంది. కానీ ఆట, వైరస్ ఒకే మెమరీ ముక్కలో ఉన్నాయి, ఆట అయిపోయాక అదంతా ఖాళీ అవుతుంది. జెరూసలేం దీనికి వేసిన ఎత్తు నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది. తను ఉన్నంత మేర తప్ప మిగతా మెమరీ డాస్‌కి తిరిగి ఇచ్చేస్తుంది. తను ఏ ఫైల్ నుంచి వచ్చిందో ఆ పేరు డాస్ వదిలిన కాగితాల్లో వెతుక్కుంటుంది. ఆ ఫైల్‌నే మళ్లీ నడపమని డాస్‌ని అడుగుతుంది. అంటే ఆట రెండోసారి లోడ్ అవుతుంది, ఈసారి వైరస్‌కి పిల్ల ప్రోగ్రామ్‌గా.

ఈ రెండో కాపీలో కూడా ముందున్నది వైరస్సే కదా. అది లేచి 224 అడుగుతుంది. ఈసారి 3 వస్తుంది. సరే, ఆటని నడిపిద్దాం అనుకుంటుంది. కానీ ఆట 256వ స్థానం నుంచి మొదలైతేనే సరిగ్గా నడుస్తుంది, ప్రస్తుతం అక్కడ ఉన్నది వైరస్. ఆటని జరిపి తన మీదే పరుచుకోవాలి. జరిపే కోడ్ ఆ చోటే ఉంటే సగంలో తనే చెరిగిపోతుంది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే. అందుకని మెమరీలో స్థిరపడ్డ మొదటి కాపీని సాయం అడుగుతుంది. 221 అనే ఇంకో గుర్తుమాట ఉంది దానికి. ఆ కాపీ వేరే చోట క్షేమంగా కూర్చుని ఆటని ముందుకి జరిపి, దాని మొదటి బైట్‌కి దూకుతుంది. తెర మీద ఆట వస్తుంది. మీరు ఆడుకుంటారు.

ఆట ముగించాక మొదటి కాపీ 'నా సామాను ఉండనీ' అంటుంది. డాస్ సరేనంటుంది. ఖాళీ మెమరీలో సుమారు 2 కేబీ తగ్గింది, అంతే. కరెంటు ఆపేదాకా లేదా రీబూట్ చేసేదాకా అది అక్కడే ఉంటుంది.

ఫైల్‌కి అంటుకోవడం

ఇప్పుడు మీరు ఇంకో ప్రోగ్రామ్ నడిపారు. మీ పిలుపు '33వ నంబర్, 75వ సేవ, ఫలానా ఫైల్' అని వెళ్తుంది. వైరస్ మిగతా సేవల్ని అసలు డాస్‌కి అలాగే పంపించేస్తుంది కానీ 75 వస్తే మాత్రం ఆగుతుంది. తలుపు దగ్గరికే వేట నడిచి వచ్చింది. డిస్క్ అంతా గాలించక్కర్లేదు, ఫైల్ పేరు మీరే చేతిలో పెట్టారు.

ముందు పేరు చూస్తుంది. కమాండ్ డాట్ కామ్ అయితే వదిలేస్తుంది. డాస్‌లో మనం టైప్ చేసే మాటలు అర్థం చేసుకునే ఫైల్ అదే. దాని సైజు చాలామందికి కంఠస్థం కాబట్టి ఆ జోలికి పోలేదని నా అంచనా. తర్వాత డిస్క్‌లో చోటుందో లేదో చూసుకుంటుంది. ఫైల్‌కి రీడ్-ఓన్లీ గుర్తు, అంటే చదవడమే తప్ప మార్చకూడదన్న గుర్తు ఉంటే తీసేస్తుంది. ఆ గుర్తుని రక్షణ అనుకున్నవాళ్లు ఉన్నారు గానీ, డాస్‌లో అది తాళం కాదు, తలుపుకి తగిలించిన 'దయచేసి లోపలికి రావద్దు' బోర్డు మాత్రమే. ఫైల్ తారీఖు, టైమ్ గుర్తుపెట్టుకుంటుంది. ఫ్లాపీకి రాయకుండా స్టిక్కర్ అంటించి ఉంటే డాస్ తెర మీద ఎర్రర్ చూపిస్తుంది కదా, దొంగ బయటపడిపోతాడు. అందుకని ఎర్రర్లు చూసుకునే 36వ గడిని కూడా కాసేపు తనవైపు తిప్పుకుంటుంది. రాయడం కుదరకపోతే చప్పుడు చేయకుండా ఊరుకుంటుంది.

కామ్ ఫైల్ అయితే చివరి ఐదు బైట్లు చదువుతుంది. అక్కడ ఎం, ఎస్, డి, ఓ, ఎస్ అని ఐదు ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయా? ఉంటే ఇదివరకే అంటుకున్న ఫైల్, వదిలేయ్. లేకపోతే ముందు తను, వెనక అసలు ప్రోగ్రామ్, చివర ఆ ఐదు అక్షరాలు. 1,808కి 5 కలిపితే 1,813. అంటుకున్న ప్రతి కామ్ ఫైలూ సరిగ్గా అన్ని బైట్లే పెరిగేది. ఆ తర్వాత పాత తారీఖు, పాత టైమ్, తీసేసిన రీడ్-ఓన్లీ గుర్తు అన్నీ తిరిగి పెట్టేసి, అప్పుడు అసలు డాస్‌ని పిలిచి ప్రోగ్రామ్‌ని నడిపిస్తుంది. ఇదంతా ఎంటర్ నొక్కడానికి, ప్రోగ్రామ్ తెర మీదకి రావడానికి మధ్య జరిగిపోతుంది.

ఈఎక్స్‌ఈ ఫైల్ కొంచెం వేరు. దాని మొదట్లో ఒక హెడర్ ఉంటుంది. తెరిచి చూస్తే మొదటి రెండు అక్షరాలు ఎం, జెడ్. ఆ ఫైల్ పద్ధతిని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ మార్క్ జిబికౌస్కీ పొడి అక్షరాలు అవి. ఇవాళ మీ విండోస్‌లో ఏ ఈఎక్స్‌ఈ తెరిచినా అవే కనిపిస్తాయి. ఆ హెడర్‌లో ఫైల్ ఎంత పొడవో, నడపడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో రాసి ఉంటుంది. ఇక్కడ వైరస్ ముందు దూరితే హెడర్ చెడిపోతుంది. అందుకని ఫైల్ చివరికి వెళ్లి, 16తో భాగించగలిగే హద్దు దాకా ఖాళీ నింపి, అక్కడ అంటుకుంటుంది. తర్వాత హెడర్‌లో 'ఇక్కడి నుంచి మొదలుపెట్టు' అన్న చోటుని తన వైపు దిద్ది, పాతదాన్ని లోపల దాచుకుంటుంది. ఆ ఖాళీ సున్నా నుంచి పదిహేను బైట్లు ఉండొచ్చు. అందుకే ఈఎక్స్‌ఈ ఫైళ్లు 1,808 నుంచి 1,823 బైట్ల దాకా పెరిగేవి.

తనని తను గుర్తుపట్టలేక

ఆనాటి వైరస్‌లు చదివేకొద్దీ నాకు తెలిసిందేంటంటే, రాసేవాడికి లోపలికి దూరడం అంత కష్టమేమీ కాదు. ఇంతకుముందే దూరానా లేదా అన్నది తెలుసుకోవడమే కష్టం. అది తెలియకపోతే దూరినచోటే మళ్లీ మళ్లీ దూరి పట్టుబడిపోతుంది.

అందుకని ఒక్కో వైరస్ ఒక్కో గుర్తు పెట్టుకునేది. 1987 నాటిదే వియన్నా అని ఇంకో వైరస్ ఉంది, 648 బైట్లే. అది మెమరీలో ఉండదు. అంటుకున్న ప్రోగ్రామ్‌ని నడిపినప్పుడే లేచి, ఇంకో కామ్ ఫైల్‌ని వెతికి అంటుకుని, పని ముగించేసేది. దాని గుర్తు ఎక్కడుందో ఊహించండి. ఫైల్ టైమ్‌లో. డాస్ ఫైల్ టైమ్‌లో సెకన్లని రెండేసి చొప్పున లెక్కపెట్టి ఐదు బిట్లలో దాస్తుంది. ఐదు బిట్లలో 31 దాకా పడుతుంది, అంటే 62 సెకన్ల దాకా రాయొచ్చు. నిజంగా ఏ గడియారంలోనూ 62వ సెకను రాదు. వియన్నా తను అంటుకున్న ఫైళ్లకి ఆ లేని సెకన్‌ని రాసి పెట్టేది. డైరెక్టరీ చూస్తే డాస్ గంటలు, నిమిషాలే చూపిస్తుంది, సెకన్లు చూపించదు. గుర్తు అందరి ముందూ ఉంది, ఎవరికీ కనపడదు. పనితనం అంటే అదీ! అదే వైరస్ ఎనిమిదింట ఒక ఫైల్‌కి అంటుకోకుండా, నడపగానే కంప్యూటర్ రీబూట్ అయిపోయేలా మొదటి ఐదు బైట్లు చెరిపి పారేసేది, అది వేరే సంగతి.

జెరూసలేం దగ్గర రెండు గుర్తులున్నాయి. మెమరీకి 224-3 అనే గుర్తుమాట, కామ్ ఫైళ్లకి ఐదు అక్షరాలు. ఆ రెండూ బాగానే పనిచేశాయి. ఈఎక్స్‌ఈ దగ్గరే బోల్తా పడింది. ఇదివరకే అంటుకున్న ఈఎక్స్‌ఈని అది గుర్తుపట్టలేదు. నడిపిన ప్రతిసారీ కొత్తగా చూసినట్టే ఇంకోసారి అంటుకుంటుంది. లెక్క వేసుకోండి. ఒక ప్రోగ్రామ్‌ని రోజుకి పదిసార్లు నడిపితే 18,000 బైట్లకి పైనే పెరుగుతుంది. ఇరవై రోజులయ్యేసరికి పెరిగిందే 3,61,600 బైట్లు, అంటే ఆనాటి 360 కేబీ ఫ్లాపీ దాదాపు నిండిపోయేంత. నడిపినప్పుడు అన్నిటికంటే చివర అంటుకున్న కాపీ ముందు లేస్తుంది, 224 అడుగుతుంది, 3 వస్తే తన ముందుదానికి దూకుతుంది. అదీ లేచి అదే అడుగుతుంది. ఉల్లిపొరల్లా ఇన్ని కాపీలు దాటితే గానీ అసలు ప్రోగ్రామ్ రాదు. చివరికి ఒకరోజు మెమరీ చాలదు.

హీబ్రూ విశ్వవిద్యాలయంలో దొరికిపోవడానికి కారణం ఇదే. శుక్రవారం దాకా ఓపిగ్గా దాక్కుందామని రాసిన ప్రోగ్రామ్, సొంత తప్పు వల్ల వారం వర్జ్యం లేకుండా లావెక్కి బయటపడింది.

అరగంట, ఆ శుక్రవారం

మెమరీలో కూర్చున్న రోజునే అది 42వ సేవతో తారీఖు అడిగి చూసుకుంటుంది. సంవత్సరం 1987 అయితే ఏ అల్లరీ చేయదు, వ్యాపిస్తుంది అంతే. కాకపోతే రెండు దారులు.

మామూలు రోజైతే గడియారాన్ని పట్టుకుంటుంది. పీసీలో 8వ గడిని సెకనుకి 18.2 సార్లు హార్డ్‌వేరే పిలుస్తుంది. వైరస్ ఆ గడిని కూడా తనవైపు తిప్పుకుని 32,400 నుంచి కిందకి లెక్కపెడుతుంది. అది సున్నాకి రావడానికి దాదాపు అరగంట పడుతుంది. అప్పుడు తెర మీద ఎడమ పక్క పైభాగంలో ఒక చదరం రెండు వరసలు పైకి జరిగి నల్లటి మచ్చ మిగులుతుంది. ఆపైన గడియారం కొట్టిన ప్రతిసారీ వైరస్ ఊరికే కొన్ని వేల చుట్లు తిరుగుతుంది, ఏ పనీ లేకుండా. యంత్రం నత్తనడక నడుస్తుంది. చేతగాని కొంటెతనం ఇది. దాక్కోవాలనుకున్నవాడు ఇలా చప్పుడు ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

శుక్రవారం, పదమూడో తారీఖు రెండూ కలిసిన రోజైతే గడియారం జోలికి పోదు. మీరు ఏ ప్రోగ్రామ్‌ని నడపబోతే దాన్ని అంటుకోవడం మానేసి తుడిచేస్తుంది. ఉత్తరాలు టైప్ చేసుకునే వర్డ్‌స్టార్ ప్రోగ్రామ్ పేరు కొడితే వర్డ్‌స్టార్ పోతుంది. ఏమైందోనని ఇంకోటి కొడితే అదీ పోతుంది. మనిషి కంగారుపడి ఒక్కోటీ ప్రయత్నించి చూస్తాడు కదా, ఆ కంగారే దానికి ఆయుధం.

1988లో అలాంటి శుక్రవారం ఒక్కటే వచ్చింది, మే 13. ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది 1948 మే 14న. సరిగ్గా నలభై ఏళ్లకి ముందు రోజు కావడంతో ఇది రాజకీయ కుట్ర అని చాలామంది అన్నారు. నాకు నమ్మబుద్ధి కాదు. కోడ్‌లో మే లేదు, 1988 లేదు. 1987 కాకూడదు, వారం శుక్రవారం కావాలి, తారీఖు 13 కావాలి, అంతే షరతు. మనకి అమావాస్య ఎలాగో పాశ్చాత్యులకి ఆ రోజు అలాగ. కుట్రకంటే కొంటెతనానికే ఎక్కువ దగ్గరగా ఉంది.

ఇక్కడో మాట. అన్ని వైరస్‌లూ ఫైళ్ల వెంటే పడలేదు. 1986లో లాహోర్‌లో అల్వీ సోదరులు రాసిన బ్రెయిన్ ఏ ఫైల్‌నీ ముట్టదు. ఫ్లాపీలో మొట్టమొదటి సెక్టార్‌లో, అంటే డాస్ ఇంకా లేవకముందే యంత్రం చదివే చోట కూర్చునేది. 1990లో మన దేశంలో బయటపడ్డ జోషీ కూడా ఆ కోవదే. జనవరి 5న తెర మీద 'హ్యాపీ బర్త్‌డే జోషీ' అని టైప్ చేయమని అడిగి, చేసేదాకా కదలనిచ్చేది కాదు. ఇలాంటివి డాస్‌ని చోటు అడగవు, యంత్రంలో ఉన్న మెమరీ లెక్కనే తక్కువ చేసి చెబుతాయి. చెక్‌డిస్క్ కమాండ్ కొడితే మొత్తం మెమరీ 6,55,360 బైట్లని రావాలి. జోషీ ఉన్న యంత్రంలో 6 కేబీ తగ్గి 6,49,216 వచ్చేది. మొదటి సంఖ్య కంఠస్థం వచ్చినవాడికి ఆ ఒక్క వరస చాలు. జెరూసలేం విషయంలో మొత్తం తగ్గదు, ఖాళీ మాత్రమే తగ్గుతుంది, కాబట్టి ఈ చిట్కా పనిచేయదు.

వదిలించుకోవడం

మెమరీలో వైరస్ ఉండగా ఫైళ్లు బాగుచేయాలని చూడటం దండగ. ఫైళ్లు శుభ్రం చేసే ప్రోగ్రామ్‌ని నడపాలంటే 75వ సేవని పిలవాలి, తలుపు దగ్గర ఉన్నది అదే. మందుకే తెగులు పడుతుంది. 1989లో బల్గేరియా నుంచి వచ్చిన డార్క్ అవెంజర్ ఇంకా ఘోరం. అది ఫైల్‌ని నడిపినప్పుడే కాదు, తెరిచినా అంటుకునేది. యాంటీవైరస్ ఒక్కో ఫైల్‌నీ పరీక్షకని తెరుస్తుంటే వెనకాలే అది ఒక్కోదానికీ అంటుకుంటూ పోయేది. పరీక్ష పూర్తయ్యేసరికి డిస్క్ మొత్తం పాడు.

అందుకే ఆ రోజుల్లో తెలిసినవాళ్లు ముందు స్విచ్ ఆపేసేవాళ్లు. మూడు కీలు నొక్కి రీబూట్ చేయడం కాదు, ఎందుకంటే జోషీ లాంటివి దాన్ని తట్టుకుని మెమరీలో నిలబడేవి. కరెంటు తీసేసి, రాయకుండా స్టిక్కర్ అంటించిన శుభ్రమైన డాస్ ఫ్లాపీతో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆ ఫ్లాపీ అంచున ఉన్న చిన్న గాడిని స్టిక్కర్ మూసేస్తే డ్రైవ్ రాయనే రాయదు. అది డాస్ చేతిలో లేదు, హార్డ్‌వేర్ చేతిలో ఉంది. ఏ 33వ గడిని దిద్దినా లాభం లేదు. ఆ యంత్రంలో ఉన్న నిజమైన తాళం ఆ కాగితం ముక్క ఒక్కటే.

తర్వాత పని సులువు. వైరస్ తన గుర్తులే సాక్ష్యాలుగా వదిలి వెళ్లింది. కామ్ ఫైల్ చివర ఆ ఐదు అక్షరాలుంటే ముందు 1,808, వెనక 5 బైట్లు కోసేస్తే పాత ప్రోగ్రామ్ దొరుకుతుంది. ఈఎక్స్‌ఈ ఫైళ్లలో లోపల దాచుకున్న పాత చిరునామాని తీసి హెడర్‌లో తిరిగి రాయాలి, ఎన్ని పొరలుంటే అన్నిసార్లు.

కొంతమంది ఇంకో అడుగు ముందుకేశారు. తొంభైల్లో మన ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి పెట్టడం గుర్తుందా? దయ్యం వచ్చి చదువుకుని వెనక్కి పోతుందట. దయ్యం సంగతి తెలియదు గానీ జెరూసలేం మీద ఈ మంత్రం నిజంగానే పారుతుంది. ఆరోగ్యంగా ఉన్న కామ్ ఫైల్ చివర ఆ ఐదు అక్షరాలు మనమే రాసి పెడితే చాలు, వైరస్ వచ్చి చదువుకుని, ఇది మనదే అనుకుని వెళ్లిపోతుంది. మెమరీకీ అంతే. 33వ తలుపు దగ్గర ఒక బుల్లి ప్రోగ్రామ్‌ని కూర్చోబెడతారు. అది ఏ ఫైల్‌నీ వెతకదు, దేన్నీ తుడవదు, వచ్చిన పిలుపులన్నీ అలాగే డాస్‌కి పంపిస్తుంది. ఎవరైనా వచ్చి 224 అంటే మాత్రం 3 అంటుంది.